కళాయి సాయిబు గారి రేడియేటరు

ఆ రోజు పొద్దెక్కినా పొగమంచు విడలేదు. తాడేపల్లిగూడెంలో మా మిల్లు కళ్లం తడిగా ఉండి, ధాన్యం ఆరబోయడానికి వీల్లేక కూలీలు చలికి చేతులు చంకల్లో పెట్టుకుని కూర్చున్నారు. ముందురోజు మరపట్టిన బియ్యం మాత్రం లారీకి ఎక్కించాలి. మనుషులు చాలక నేనూ ఒక చెయ్యి వేస్తున్నాను. అప్పుడు ఏలూరు నుంచి గోనెసంచులు తెచ్చే ఆయన వచ్చాడు. కట్టలు దించుకుంటూ, "డ్రైవరు గారూ, మీ కళాయి సాయిబు గారు పోయారండి. గురువారం నాడు, కొల్లేటికోటలో" అన్నాడు. నేను పట్టుకున్న బస్తా లారీలో సర్ది, తరవాతి బస్తాకి వంగాను. ఎక్కించవలసినవన్నీ ఎక్కించేసరికి సాయంత్రమయింది. మర్నాడు సెలవడిగి ఏలూరు వెళ్లాను. వెళ్లేసరికి ఆయన్ను మట్టి చేసి ఒక రోజయింది.

గిన్నెలకు కళాయి పూసుకునే మనిషి గురించి పత్రికకు రాయడానికి ఏముందని ఇది చదివేవారు అనుకోవచ్చు. ఆయన ఒక పని చేశారు. ఆ పని చెడ్డదని ఊళ్లో పేరు పడింది. అది చెడ్డది కాదు. ఆ సంగతి తెలిసినవాణ్ని నేనొక్కణ్నే మిగిలాను. అందుకని రాస్తున్నాను.

ఏలూరు కాలవ గట్టున రేకుల పాకలో ఆయన కొలిమి ఉండేది. ఇత్తడి గిన్నెల లోపల పులుసు చిలుమెక్కకుండా తగరం పూత పూసేవారు. గిన్నె కాల్చి, నవాసారం చల్లి, తగరం కరిగించి, దూదితో ఒక్క తుడుపు తుడిచేవారు. అది అయ్యాక గిన్నె తెచ్చిన ఆవిడ ముందు పట్టుకుని, "మొహం చూసుకోండమ్మా" అనేవారు. మొహం సరిగ్గా కనబడలేదని ఆవిడ ఏ కొంచెం నసిగినా మళ్లీ కొలిమి మీద పెట్టేసేవారు. నవాసారం పొగ ముప్పై ఏళ్లు పీల్చి ఆయనకు ఎప్పుడూ దగ్గు. మాట మధ్యలో దగ్గొస్తే మొహం పక్కకు తిప్పుకుని, దగ్గి, మాట ఎక్కడ ఆగిందో అక్కడే అందుకునేవారు.

నేను అప్పట్లో ఏలూరు నుంచి కొల్లేటి వైపు పోయే బస్సు నడిపేవాణ్ని. ఒకసారి రేడియేటరు కారిపోతుంటే, బెజవాడ పంపే తీరిక లేక ఆయన దగ్గరికి తోలుకెళ్లాను. ఆయన అంతకుముందు మోటారు పని చెయ్యలేదు. బస్సు ముందు గొంతుకూర్చుని చాలాసేపు చూశారు.

"ఇదీ గిన్నేనండీ," అన్నారు చివరికి. "నీళ్లు పోస్తున్నారు, వెనకాల మంట పెడుతున్నారు. అంతేగా."

కింద కుళాయి కొంచెం తిప్పి, వేలిమీద ఒక చుక్క పట్టి నాలుకకు తాకించి, ఉమ్మేశారు. "నిన్న వట్లూరులో పట్టారు నీళ్లు."

"అవునండీ. మీకెలా తెలిసింది?"

"మా పెళ్లికి అక్కడి బావి నీళ్లతోనే వండారండీ. పప్పు ఉడకలేదు. మా బావమరుదులు ఇప్పటికీ అంటారు."

ఉప్పునీళ్లు కాగి కాగి రేడియేటరు గొట్టాల్లో ఉప్పు సున్నంలా పేరుకుపోతుందని, కెటిల్ అడుగున పేరుకున్నట్టేనని ఆయనే చెప్పారు. గొట్టాలు గోకి, కన్నానికి మాటు వేసి ఇచ్చారు. ఎక్కడ వేశారో వెతికినా నాకు కనపడలేదు. ఆ మాటే అంటే, "కనపడితే ఇంకెందుకండీ" అన్నారు. అది మొదలు కొల్లేటి రోడ్డు మీద తిరిగే డ్రైవర్లం ఒక్కొక్కళ్లం ఆయన దగ్గరికి వెళ్లడం అలవాటు చేసుకున్నాం. వానాకాలంలో బస్సు షెడ్డు రేకుల మీంచి జారే నీళ్లు జాడీల్లో పట్టి, వేసవిలో అవే పోసుకోమని నాకు నేర్పింది ఆయనే.

తరవాత నేను తాడేపల్లిగూడెం మిల్లు కామందు గారి దగ్గర కారు డ్రైవరుగా కుదిరాను. కామందు గారు మద్రాసులో, సీమకు తిరిగిపోతున్న ఒక దొర దగ్గర పందెపు కారు ఒకటి కొన్నారు. ఆకుపచ్చ రంగు, పైన కప్పు లేదు, నాలుగు సీట్లు. రేడియేటరు కింద, ముందుకు పొడుచుకొచ్చి, ఇనప కుండలాంటిది ఒకటి ఉండేది. దాన్ని బ్లోయరు అనేవారు. గాలినీ పెట్రోలునీ కలిపి ఇంజనులోకి బలవంతంగా ఊదడం దాని పని. పెడలు గట్టిగా తొక్కితే అది కూతపెట్టేది. వీధిలో పడుకున్న కుక్కలు లేచి నిలబడేవి. కామందు గారికి ఆ కూత ఇష్టం. ఆ కారు పరుగెత్తే రోడ్డు మా జిల్లాలో లేదు. ఎడ్లబండ్ల వెనక అరమైలు నడిచిందంటే నీళ్లు సలసలా కాగి పొంగిపోయేవి. మద్రాసు మెకానిక్కు వచ్చి చూసి, బండి తప్పు కాదు, దేశం తప్పు అని చెప్పి పోయాడు.

నేను సాయిబు గారి పేరు చెప్పాను. ఆయన తాడేపల్లిగూడెం వచ్చి, బానెట్ ఎత్తించి, బ్లోయరు ఏమిటో నాతో చెప్పించుకున్నారు. విని చిన్నగా నవ్వారు.

"తిత్తేనండీ ఇది. కొలిమికి నేనూదే తిత్తి. తిత్తి ఊదితే బొగ్గు ఎర్రబడుద్ది కదా. పరుగెత్తితే ఎదురుగాలి చల్లారుస్తుంది. నడిస్తే ఎవరు చల్లారుస్తారు?"

కామందు గారికి కావలసింది నడకే. ఆ వైశాఖంలో వారి అమ్మాయి పెళ్లి. మగపెళ్లివారు మధ్యాహ్నం రైలుకు దిగుతారు. పెళ్లికొడుకుని స్టేషను దగ్గర ఎదుర్కొని, ఆ కారులో కూర్చోబెట్టి, సన్నాయి మేళం వెనక విడిదింటికి తేవాలి. మేళం ఆగినచోటల్లా కారు ఆగాలి. కూత వినపడుతూ ఉండాలి.

"ఏం సాయిబూ, ఉడక్కుండా తేగలవా?" అని అడిగారు కామందు గారు.

"చూడాలండి."

"చూడ్డం కాదు. తెచ్చావా, మన బస్సులవీ లారీలవీ రేడియేటర్ల పనంతా నీకే. మిల్లు షెడ్డులో చోటిస్తాను, కొలిమి పెట్టుకో. లేదా, మళ్లీ నీ గిన్నెలు నీవి."

అప్పటికే సత్తు గిన్నెలు వచ్చేశాయి. వాటికి కళాయి అక్కర్లేదు. కాలవ గట్టున రోజుకు ఇరవై గిన్నెలు వచ్చేచోట నాలుగు వచ్చిన రోజులున్నాయి. పొగ తక్కువున్న పని, నీడ పట్టున, ఎప్పుడూ ఉండే పని ఆయన వయసులో ఇంకెవరూ ఇవ్వరు. ఆయనకు పిల్లల్లేరు. "అలాగేనండి" అని చెప్పి, కారు ఏలూరు తోలుకొచ్చి పెట్టమని నన్నడిగారు.

రెండు నెలలు పట్టింది. పాత రేడియేటరులో తేనెపట్టులాంటి అర ఉండేది. దాన్ని తీసేసి, పల్చటి ఇత్తడి రేకు సన్నటి ఇనప కడ్డీకి చుట్టి, ఒక్కొక్క గొట్టం తనే చేశారు. గొట్టం చేసిన వెంటనే ఒక కొస వేలితో మూసి, రెండో కొస నోట్లో పెట్టుకుని, నీళ్ల తొట్టిలో ముంచి ఊదేవారు. బుడగ వస్తే పక్కన పడేసేవారు. ఇదివరకు మూడు వరుసలున్నచోట అయిదు వరుసలు పెట్టారు. పంకాకు నాలుగు రెక్కలుంటే ఆరు చేశారు. దాని కప్పీ చిన్నది చేయించి, ఇంజను నెమ్మదిగా తిరిగినా పంకా జోరుగా తిరిగేటట్టు కుదిర్చారు.

వారి భార్య తెర వెనకనుంచి నాతో అనేది. "అన్నయ్యగారూ, ఆయన్నడగండి. ఇంట్లో డేకిసాకి కళాయి పోయి మూడు నెలలయింది. కామందు గారి కారు తరవాతా, ముందా అని."

"తరవాతేనని చెప్పండి," అనేవారు ఆయన, గొట్టం నోట్లోంచి తియ్యకుండానే.

అంతా బిగించాక కూడా, నిలబెట్టి ఇంజను తిప్పితే నీళ్లు కాగాయి. ఆయన ఇంజను ఆపమన్నారు. ఇంట్లోకి వెళ్లి సాంబ్రాణి ధూపం పట్టుకొచ్చారు. రేడియేటరు ముందు ఆ పొగ పట్టుకుని నిలబడ్డారు. గాలి ఎటు పోతుందో పొగ చూపిస్తుందని ఆయనకు తోచింది. పొగ గొట్టాల్లోంచి లోపలికి పోవడం లేదు. పక్కలనుంచి చుట్టూ తిరిగి పోతోంది. పంకా ముందునుంచి కొత్త గాలి లాక్కోవడం మాని, బానెట్ లోపలి వేడిగాలినే గిరగిరా తిప్పుకుంటోంది.

"చూశారా డ్రైవరు గారూ, తన ఎంగిలి తనే తింటోంది," అన్నారు.

పంకా చుట్టూ రేకుతో గంపలాగా చేసి రేడియేటరుకు అతికించారు. వేడిగాలి బయటికి పోవడానికి బానెట్ రెండు పక్కలా చీలికలు కొట్టారు. ఆకుపచ్చ రంగు మీద ఉలి పెట్టేముందు సుద్దతో గీసుకుని, చెరిపి, మళ్లీ గీసుకున్నారు. మళ్లీ ధూపం పట్టుకుంటే, పొగంతా సూటిగా లోపలికి పోయి చీలికల్లోంచి బయటికొచ్చింది. ఆయన ఆ రోజు తొట్టి దగ్గర కూర్చుని రెండు గ్లాసుల టీ తాగారు. మామూలుగా ఒకటే తాగేవారు.

వేడి కొలవడానికి ఆయన దగ్గర సాధనమేమీ లేదు. రేడియేటరు పైతొట్టి మీద కుడి అరచెయ్యి ఆనించి పది లెక్కపెట్టేవారు. పది దాకా ఆగితే ఫరవాలేదు. ఆరు దగ్గర తీయవలసి వస్తే ఇంజను ఆపమనేవారు. కొలిమి దగ్గర పండిన చెయ్యి అది. నా చెయ్యి మూడు దాటేది కాదు.

పెళ్లికి పది రోజుల ముందు ఎండ నడినెత్తిన ఉండగా కొల్లేటి రోడ్డు మీద పరీక్ష పెట్టారు. మేళం లేదు కనుక మేళం బదులు తనే కారు ముందు నడిచారు. నాలుగడుగులు వేసి ఆగేవారు, సన్నాయివాళ్లు కీర్తన వాయించేంతసేపు నిలబడి, మళ్లీ నడిచేవారు. వెనక నేను కూతపెడుతూ కారు పాకించేవాణ్ని. చేల గట్ల మీదినుంచి జనం చూస్తున్నారు. నెత్తిన గడ్డిమోపుతో వస్తున్న ఒకావిడ ఆగి, "ఏం సాయిబు గారూ, మేపుకొస్తన్నారా?" అని అడిగింది.

"ఆయ్. గడ్డి దొరకటం లేదమ్మా."

"మరీ అంత అరుస్తంది. ఈనుద్దేమో, జాగ్రత్త!"

గట్ల మీది వాళ్లంతా నవ్వారు. ఆయనా నవ్వి, దగ్గి, మళ్లీ నాలుగడుగులు వేశారు. రెండు గంటలు అలా నడిచాం. పైతొట్టి మీద చెయ్యి పెట్టి పది లెక్కపెట్టారు. తియ్యలేదు. పదిహేను దాకా లెక్కపెట్టారు. ఆయన సంతోషంగా ఉండగా నేను చూసింది అదే ఆఖరు.

పెళ్లినాడు ఆయన ఉతికిన బట్టలు కట్టుకుని పొద్దున రైలుకే వచ్చారు. కారు అప్పటికే ముస్తాబయింది. కామందు గారి అక్కగారు ఇంటికి పెద్ద. ఆవిడ దగ్గరుండి, వెదురు చట్రానికి కొత్త గుడ్డ కట్టించి, గుడ్డ కనపడకుండా మల్లెలూ కనకాంబరాలూ కుట్టించి, ఆ పూలపలకను రేడియేటరుకి నిండుగా కట్టించారు. కారు ముందు భాగం ఎక్కడా కనపడటం లేదు.

సాయిబు గారు గేటు దగ్గరే ఆగిపోయారు. "డ్రైవరు గారూ, దాని ముక్కు మూసేశారండీ," అన్నారు.

నేను వెళ్లి అక్కగారితో చెప్పాను. ఆవిడ నాకేసి చూసి, "బోసిమొహం కారులో పెళ్లికొడుకుని తీసుకొస్తావుటయ్యా?" అన్నారు.

సాయిబు గారు గేటు అవతలినుంచే చేతులు జోడించారు. "పక్కలకి కట్టించండమ్మా, వెనక్కి కట్టించండి, ఎన్ని పూలైనా సరే. ముందర మాత్రం గాలి పోనివ్వండమ్మా."

"ఇంజను పని నీది, పెళ్లి పని మాది. నువ్వు చెప్పినట్టు పెళ్లి చెయ్యాలా?"

ఆయన నన్ను కామందు గారి దగ్గరికి పొమ్మన్నారు. పోయాను. కామందు గారు తొందరలో ఉన్నారు. "అంతలేసి రేడియేటరు చేశానన్నాడు. నాలుగు పూలకే ఆగిపోతుందా? అక్కయ్య సరదా పడి కట్టించింది, వదిలెయ్యవోయ్," అన్నారు.

నేను తిరిగొచ్చి చూస్తే సాయిబు గారు కారు పక్కన నేల మీద పడుకుని ఉన్నారు. రేకు కత్తెర పలక వెనక్కి పోనిచ్చి, పూలు చెదరకుండా, గుడ్డ మాత్రం చీలికలు చీలికలుగా కోస్తున్నారు. నాలుగైదు చీలికలు పడ్డాయి. గంపలోంచి పూలు తీస్తున్న పనిమనిషి చూసి కేకేసింది. అక్కగారు వచ్చారు.

"శుభమా అని పెళ్లి జరుగుతుంటే పూలకి కత్తెర పెడతావా! లే, లే అక్కణ్నుంచి."

ఆయన లేచి, బట్టల మట్టి దులుపుకుని, కత్తెర జేబులో పెట్టుకుని గేటు బయటికి వెళ్లారు. నేను అక్కడే ఉన్నాను. పలక విప్పి అవతల పడేసి ఉండవలసింది. ఉద్యోగం పోయేది, అంతే. నేను విప్పలేదు.

రైలు వేళకే వచ్చింది. పెళ్లికొడుకూ వాళ్ల నాన్నగారూ వెనక సీట్లో కూర్చున్నారు. నా పక్కన కామందు గారు. ముందు మేళం. సాయిబు గారు జనంలోంచి వచ్చి, కారు పక్కన, నా వైపు నడవడం మొదలుపెట్టారు. బానెట్ చీలికల దగ్గర చెయ్యి పెట్టి చూస్తూ నడిచారు. మొదటి వీధి మలుపులో మేళం ఆగింది. హారతి ఇచ్చారు. రెండో మలుపులో మళ్లీ ఆగింది. సాయిబు గారు చెయ్యి తీసి నాకేసి తల అడ్డంగా ఊపారు.

"ఇంజను ఆపెయ్యండి బాబూ," అన్నారు కామందు గారితో. "మిల్లు మనుషులున్నారు, తోస్తారు. నిమిషంలో కదులుద్ది. చల్లారాక మళ్లీ అందుకోవచ్చు."

"పెళ్లికొడుకు కారు తోయించుకుంటూ వస్తాడుటయ్యా? నడవనీ, నడవనీ."

ఇంకో యాభై గజాలు నడిచింది. ముందు పూలు ఉడికిన వాసన వచ్చింది. మల్లెపూలు ఉడికితే గంజి వాసన వేస్తుందని నాకు అప్పుడు తెలిసింది. తరవాత ఆవిరి. జనం వెనక్కి తోసుకున్నారు. నేను ఇంజను ఆపి, దిగి, పలక కట్లు తెంపి అవతల పడేసి, గుడ్డతో మూత విప్పాను. ఎదురింటివాళ్లు బావి నీళ్లు ఇత్తడి బిందెతో తెచ్చి నా చేతికిచ్చారు.

"వద్దండీ!" అని అరిచారు సాయిబు గారు. అంత గట్టిగా ఆయన మాట్లాడగా అంతకుముందు ఎవరూ వినలేదు. "చన్నీళ్లు పోస్తే పగులుద్ది! అరగంట, ఒక్క అరగంట ఆగండి!"

"నీళ్లు పొయ్యవోయ్! చూస్తావేం?" అన్నారు కామందు గారు.

సాయిబు గారు కుడిచెయ్యి రేడియేటరు మూతి మీద అడ్డం పెట్టారు. నేను పోశాను. ఆ చేతిమీంచే పోశాను. లోపలినుంచి ఆవిరీ కాగిన నీళ్లూ ఒక్కసారి ఎగదన్నాయి. ఆయన చెయ్యి తీసేలోపల ఇంజనులో ఠప్పుమని ఒక చప్పుడు. ఇంజను పైన మూతలా ఉండే సిలిండరు హెడ్డు పగిలింది.

పెళ్లికొడుకుని మిల్లు మనుషులు కారు తోసుకుంటూనే విడిదికి చేర్చారు. పెళ్లి బాగానే జరిగింది. సాయిబు గారు చేతికి తడిగుడ్డ చుట్టుకుని సాయంత్రం రైలుకు వెళ్లిపోయారట. నేను స్టేషనుకు వెళ్లలేదు. నాకు పని ఉంది.

మర్నాటినుంచి ఊళ్లో ఒకటే మాట. కళాయి సాయిబు చేత రేడియేటరు చేయిస్తే ఇంతే మరి. బస్సుల పని వేరే ఊరివాళ్లకు ఇచ్చారు. ఇంజనుకు కొత్త హెడ్డుతో పాటు కొత్త రేడియేటరు కూడా ఓడమీద తెప్పించారు. సాయిబు గారి రేడియేటరు, పంకా, గంప విప్పి ఇత్తడి తూకానికి అమ్మేశారు. కొత్త రేడియేటరుతో కారు కొవ్వూరు వెళ్లేలోపల రెండుసార్లు ఉడికింది. పాతది ఉంటే పక్కపక్కన పెట్టి చూపించేవాణ్ని. అప్పటికి అది కరిగిపోయింది. ఒకసారి ధైర్యం చేసి కామందు గారితో, "తప్పు రేడియేటరుది కాదండి, పూలది, నీళ్లది" అన్నాను. "ఇప్పుడెందుకోయ్ ఆ గొడవ?" అన్నారు. ఆయన చెడ్డవారు కారు. పెళ్లినాటి మాట ఎత్తడం ఆయనకు ఇష్టం లేదు. ఏడాది తిరిగేసరికి కారే అమ్మేశారు. నన్ను లారీ మీద వేశారు.

సాయిబు గారి అరచేతి చర్మం బిగుసుకుపోయింది. వేళ్లు పూర్తిగా చాచలేకపోయేవారు. కాలవ గట్టున పని తగ్గిపోయి, సత్తు గిన్నెలు ఇంకా అంతగా పోని కొల్లేటి ఊళ్లకు పడవ మీద తిత్తి వేసుకుని వెళ్లడం మొదలుపెట్టారు. ఒక ఊళ్లో నాలుగు రోజులు, ఇంకో ఊళ్లో మూడు రోజులు. నేను ఆ తరవాత ఆయన్ను రెండుసార్లే చూశాను. మొదటిసారి మాట్లాడలేదు. రెండోసారి ఏలూరు కాలవ గట్టున పడవ కోసం కూర్చుని ఉంటే దగ్గరికి వెళ్లి, "నీళ్లు పోసింది నేనేనండీ" అన్నాను.

"మీరు పొయ్యకపోతే ఇంకొకరు పోసేవారండీ." దగ్గొచ్చింది. మొహం పక్కకు తిప్పుకున్నారు. "పూలు లేకపోతే నడిచేదండీ బండి. రోడ్డు మీద నడిచింది కదా. మీరు చూశారు కదా."

"చూశానండీ."

"అదేనండీ," అన్నారు. పడవ వచ్చింది. తిత్తి ఒక పక్క నేను పట్టుకోబోతే వద్దని ఎడమ చేత్తో తనే ఎత్తుకున్నారు.

ఆయన పోయాక నేను ఏలూరు వెళితే, వారి భార్య తెర వెనకనుంచే మాట్లాడింది. ఎప్పుడొచ్చారు, భోజనం చేశారా అని అడిగింది. కాసేపటికి, "ఆ కారు ఇంకా ఉందా అన్నయ్యగారూ?" అంది.

"లేదమ్మా, అమ్మేశారు."

"కొన్నవాళ్లకి తెలుసా, దానికి మంచి రేడియేటరు ఉండేదని?"

తెలియదని చెప్పాను. 

తిరిగి వెళ్లేముందు, ఆయన్ను కొల్లేటికోట నుంచి తెచ్చిన జాలర్లు ఇద్దరూ ఒడ్డున ఉన్నారని తెలిసి వెళ్లి కలిశాను. అన్నదమ్ములు. వలలు ఆరేస్తున్నారు. కొల్లేటికోటలో ఆయన రేవు పక్కన కొలిమి పెట్టుకున్నారని, రెండు రోజులు పని చేశారని చెప్పారు. బుధవారం ఎడతెగని దగ్గు. గురువారం పొద్దున పని మొదలెట్టి, గిన్నె కాలుతుండగా పక్కకు ఒరిగారు. లేవలేదు. కబురు తెలిసి ఆడవాళ్లు రేవుకు వచ్చి ఎవరి గిన్నెలు వాళ్లు ఏరుకున్నారట. కళాయి అయినవి సగమే ఉన్నాయట. మిగిలినవి నల్లగానే పట్టుకుపోయారట.

"ఆయన మీకేమవుతారండీ?" అని అడిగాడు పెద్దవాడు.

"నేను నడిపిన కారుకి రేడియేటరు చేశారు."

"కారుకి కళాయి ఎందుకండీ?" అన్నాడు చిన్నవాడు. కొల్లేటికోటకి కారు పోదు. చుట్టూ నీళ్లు.

నేను చెప్పడం మొదలుపెట్టాను. నీళ్లు, మంట, గొట్టాలు, గాలి. వాళ్లు మర్యాదకు కాసేపు విన్నారు. అటునుంచి ఎవరో పిలిస్తే వల కొస చుట్టుకుంటూ పెద్దవాడు లేచాడు, చిన్నవాడూ లేచాడు. ఆయన్ను తెచ్చిన పడవ ఎప్పుడు బయల్దేరిందని మాత్రం అడిగాను. చెప్పి వెళ్లిపోయారు.

గురువారం మధ్యాహ్నం ఒంటిగంటకు కొల్లేటికోట రేవు నుంచి పడవ కదిలింది. సాయిబు గారితో ఆ అన్నదమ్ములిద్దరూ వెళ్లారు. ఇంకెవరూ వెళ్లలేదు.